రూపచిత్రమునకు పాత లెన్సు చాలదా?

మన కళాశాల ఛాయాచిత్ర సంఘమునకు ఒక మంచి లెన్సు కావలెనని విద్యార్థులమైన మేము కార్యవర్గమువారిని కోరుచున్నాము. ఏది కొనవలెనన్న విషయమున మాలోనే రెండు పక్షములున్నవి. కొందరు మిత్రులు కోరునది క్రొత్త 85 మిల్లీమీటర్ల లెన్సు. ఎదుటివారి కంటిని తానే వెదకి, తానే ఫోకస్ చేసికొనును. ఆ తరగతిలో పేరుమోసిన వాటి వెల లక్ష రూపాయలను దాటును. మా అభిప్రాయము వేరు. అంత ధనమును ఒక్క వస్తువుపై వెచ్చించినచో అది బీరువాలో తాళము వెనుక నుండును. వార్షికోత్సవమునాడు ముఖ్య అతిథి మెడలో పూలదండ పడునప్పుడు మాత్రము బయటికి వచ్చును. ఆ ధనములో పదవవంతు పెట్టినచో, చేతితో త్రిప్పి ఫోకస్ చేయు పాత లెన్సు లభించును. అది విద్యార్థుల చేతులలో తిరుగును, వారి ఇండ్లకును పోవును. ఇండ్లకు పోవుటయే ఇచ్చట ముఖ్యమైన సంగతి.

ఎందుకనగా, మనలో అనేకుల ఇండ్లలో నాయనమ్మగారి చిత్రమేదని అడిగినచో ఆధార్ కార్డునో, రేషను కార్డునో, హజ్ యాత్రకై తీయించిన పాస్‌పోర్టునో తెచ్చి చూపుదురు. పెండ్లి ఆల్బములలో ఆమె గుంపు వెనుక ఏదో ఒక మూల నుండును. దాదీజాన్ కానిండు, అమ్మమ్మ కానిండు, కిటికీ ప్రక్కన కూర్చుండగా మనుమరాలు తీసిన చక్కని చిత్రమొకటి ఆ ఇంట నుండవలెనన్నదే మా కోరిక. ఇందుకు సంఘమువారి కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు చాలదు. 55 వద్ద దాని అపర్చరు ఎఫ్ 5.6ను మించి తెరచుకొనదు. ఎఫ్ 2 వరకు తెరచుకొను లెన్సు దానికంటె సుమారు ఎనిమిది రెట్ల వెలుతురును లోనికి విడుచును. ఇరుకు సందులలోని ఇండ్లలో, సాయంకాలపు వెలుతురున, చిత్రము నిలుచుటయో చేయి కదలి చెడుటయో ఆ ఎనిమిది రెట్లపైననే ఆధారపడి యుండును. ఫ్లాష్ ఉన్నది గదా యందురేమో. వృద్ధుల ముఖముపై సూటిగా ఫ్లాష్ వేసి తీసిన చిత్రమును చూచినవారు మరల ఆ మాట యనరు. ఇక మొబైలు ఫోను వెనుక భాగమును మసకగా చూపుచున్నదన్నది నిజమే. కాని అది లెక్క కట్టి చేయు మసక. ఓణీ అంచును, నెరసిన జుట్టు పాయలను తరచు వెనుక గోడతో కలిపి తుడిచివేయును.

చేతితో ఫోకస్ చేయుట పాతకాలపు పనియని చిన్నచూపు చూచువారు కొందరున్నారు. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అను గణితశాస్త్రజ్ఞుడు రూపచిత్రముల కొరకే లెక్కగట్టి ఒక లెన్సును రూపొందించెను. నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసిన యాతన దానితో చాలవరకు తగ్గెను. హైదరాబాదునకు వచ్చినచో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ పేరు వినని వారుండరు. నిజాము ఆయనకు ముసవ్విర్ జంగ్ అను బిరుదము నొసగెను. ముసవ్విర్ అనగా నేమో మన ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. పరదా పాటించు స్త్రీల కొరకు 1892లో దీన్ దయాళ్ ఈ నగరమున ఒక జనానా స్టూడియోను నెలకొల్పగా, దానిని నడపినది ఒక ఆంగ్ల వనిత. అచ్చటి చిత్రములన్నియు చేతితో ఫోకస్ చేసినవే. తనంతట తాను ఫోకస్ చేసికొను ఏర్పాటు కెమెరాలోనే ఇమిడి, బహుళ ప్రచారము పొందినది 1985లో మినోల్టా 7000 వెలువడిన పిమ్మటనే.

ఆ జనానా స్టూడియో చేసిన పనిని నేడు మన విద్యార్థినులు చేయగలరు. బయటి ఫోటోగ్రాఫరు అడుగుపెట్టని గదిలోనికి వారు పోగలరు. అయితే లెన్సు వారితో ఇంటికి పోవలెను గదా! లక్ష రూపాయల వస్తువును ఏ కార్యవర్గము ఇంటికి పంపును?

ఏ లెన్సు కొనవలెనన్న ప్రశ్నకు ముందుగా ఒక అపోహను తొలగింపవలెను. ముఖము సహజముగా కనబడుటకు కారణము లెన్సు పొడవు కాదు, మనము నిలుచు దూరము. అడుగు దూరములో నిలిచి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. ఒకటిన్నర రెండు మీటర్ల దూరము మేలు. ఆ దూరమునుండి తలయు భుజములును చట్రమున నిండుగా ఇమిడించు లెన్సు కావలెను. సంఘమువారి కెనన్ కెమెరాలో సెన్సారు చిన్నది గనుక 58 మిల్లీమీటర్ల లెన్సు పెద్ద సెన్సారుపై సుమారు 93 మిల్లీమీటర్ల లెన్సు చూపునంత మేరనే చూపును. అది సరిగా సరిపోవును. చౌకగా వచ్చును గదా యని 135ను కొన్నచో మన ఇండ్లలోని గదులలో వెనుకకు జరుగుటకు చోటు చాలదు. గోడకు వీపు ఆనిన పిదప గాని ఆ సంగతి తెలియదు.

మా ఎన్నిక హీలియోస్ 44-2. దీని పొడవు 58 మిల్లీమీటర్లు, అపర్చరు ఎఫ్ 2. జర్మనీలోని జీస్ వారి బయోటార్ నమూనాను అనుసరించి సోవియట్ యూనియనులో తయారై, జెనిత్ కెమెరాలతో అమ్ముడుపోయిన లెన్సు ఇది. లక్షల కొలది తయారైనందున నేటికిని సెకండ్ హ్యాండులో సాధారణముగా పదివేల రూపాయల లోపుననే దొరకును. దీని అపర్చరులో ఎనిమిది రేకులుండును. అర మీటరు వరకు దగ్గరకు పోవచ్చును. పూర్తిగా తెరచి తీసినచో వెనుకనున్న చెట్ల ఆకులు సుడి తిరిగినట్లు కనబడును. పలువురు దీనిని కొనుట ఆ సుడి కొరకే. నిజమునకు చిన్న సెన్సారుపై అది అంతగా కనబడదు. కనబడకున్న మాకు విచారమును లేదు. పెంటాక్స్ వారి టకుమార్ 55 ఎఫ్ 1.8 దొరికినచో అదియును మంచిదే; రింగు మరింత మృదువుగా తిరుగును. రష్యాదే యైన జూపిటర్-9, అనగా 85 ఎఫ్ 2, రూపచిత్రములకు పేరుపొందినదే గాని, ఆ పేరుతోపాటు వెలయు పెరిగినది.

ఈ రెండు లెన్సులకును 42 మిల్లీమీటర్ల మర చుట్టు ఉండును. కెనన్ కెమెరాకు సన్నని అడాప్టరు బిగించినచో దూరపు కొండవరకు ఫోకస్ అగును. నికాన్ వారి అద్దపు కెమెరాలపై అట్లు కాదు. వాటిలో లెన్సుకును సెన్సారుకును మధ్య దూరము ఒక మిల్లీమీటరు ఎక్కువ. ఆ ఒక్క మిల్లీమీటరు వలననే దూరపు వస్తువులు మసకబారును. అద్దము లేని క్రొత్త కెమెరాలకు ఈ చిక్కు లేదు, దాదాపు ఏ పాత లెన్సైనను అమరును. కనుక బజారునకు పోవుటకు ముందు ఇంటి బీరువాలు వెదకుడని మిత్రులకు మా సలహా. గల్ఫ్ దేశములకు పనికి పోయినవారు తెచ్చిన యాషికా, పెంటాక్స్, మినోల్టా కెమెరాలు ఎన్నియో ఇండ్లలో తోలు సంచులలో అట్లే యున్నవి. వాటిలో పలువాటికి 50 మిల్లీమీటర్ల మంచి లెన్సులు బిగించియుండును. యాషికా, పెంటాక్స్ లెన్సులు అడాప్టరుతో మన కెమెరాకు అమరును, మినోల్టావి అమరవు.

కోఠీ దుకాణములలో గాని మరెచ్చట గాని కొనునప్పుడు టార్చి దీపమొకటి వెంట ఉండవలెను. లెన్సు వెనుకనుండి దీపము వేసి ముందునుండి చూడవలెను. సాలెగూడు వలె తీగలు పాకియున్నచో అది బూజు. వెల ఎంత తగ్గించినను దానిని తీసికొనరాదు. ముందు గాజుపై సన్నని గీత యున్నను పెద్దగా బాధ లేదు, వెనుక గాజుపై మాత్రము ఉండరాదు. రేకులపై నూనె మెరయుచున్నదా, రింగు ఇసుక పడినట్లు గరగరలాడుచున్నదా చూడవలెను. లోపల కొద్దిపాటి ధూళి యుండుట సహజము.

చేతితో ఫోకస్ చేయుట కష్టమన్న ఆక్షేపణ సత్యమే. ఒకటిన్నర మీటరు దూరములో ఎఫ్ 2 వద్ద స్పష్టముగా వచ్చు లోతు సుమారు 5 సెంటీమీటర్లు. కన్ను కుదిరినచో చెవి మసకబారును. ఎఫ్ 4కు మూసినచో అది రెట్టింపగును. తెర మీద కంటిని పది రెట్లు పెద్దది చేసి చూచుచు, ఆయాసము లేకుండ రింగు త్రిప్పవలెను. ఇంతసేపు కూర్చున్న నాయనమ్మ విసుగుకొనదా? కొంత విసుగుకొనును. కాని ఆమెతో మాటలాడుచు త్రిప్పుదుము గనుక, కెమెరా యున్నదను బిగువు ఈలోగా సడలును. ఆటల పోటీలకు, పరుగెత్తు పిల్లలకు ఈ లెన్సు పనికిరాదు. ఆ పనికి ఉన్న 18-55 చాలును.

కెనన్ వారి 50 ఎఫ్ 1.8 తానే ఫోకస్ చేసికొనును, వెలయు దాదాపు ఇంతే గదా యని ఒక మిత్రుడు వాదించినాడు. అది బలమైన వాదమే. ధనము మిగిలినచో దానిని రెండవదిగా కొనవచ్చును. కాని నేర్చుకొనుటకు అది తగదు: రింగు సన్నము, దూరపు అంకెలు లేవు, త్రిప్పుడు మోటారు ద్వారా పోవునే గాని చేతినుండి గాజునకు సూటిగా పోదు.

కనుక కార్యవర్గమువారికి మా మనవి యిది. 58 మిల్లీమీటర్ల పాత లెన్సులు రెండు, అడాప్టర్లు రెండు, వానకాలపు తేమకు సిలికా జెల్ వేసిన బిగుతైన డబ్బా ఒకటి కొనవలెను. కెమెరాతో కూడ లెన్సును వారము దినముల వంతున విద్యార్థులకు ఇంటికి ఇవ్వవలెను. ఇందుకొక రిజిస్టరు ఉండవలెను. తీసికొనిన ప్రతివారును తమ ఇంటి పెద్దల చిత్రమొకటి, వారి అనుమతితో, అచ్చు వేయించి ఇంట నుంచుకొనవలెను. డబ్బా తాళపుచెవులలో ఒకటి సంఘ కార్యదర్శి వద్దను, రెండవది గ్రంథాలయమునందును ఉండుట మంచిది. సెలవు దినములలో కార్యాలయము తెరచియుండదు.