ఏజెంటు దొరుకుతాడు, ప్లీడరు ఏడి?

మన హాస్టల్లో ఎవరిని "ఏమవుతావు?" అని అడిగినా టీచరు, పోలీసు, ఇంజనీరు, కలెక్టరు అంటారు. ప్లీడరు అనేవాళ్ళు తక్కువ. దేశం దాటి వెళ్ళేవాళ్ళ కేసులు చూసే ప్లీడరు అవుతామన్న మాట మేము ఇంతవరకు వినలేదు. ఆ చదువు అందరికంటే ముందు హాస్టల్ పిల్లలకే కావాలని మా అభిప్రాయం.

దేశం దాటడం ఇప్పుడు ఉన్నవాళ్ళ పని మాత్రమే కాదు. తెనాలి, గుంటూరు నుంచి అమెరికా చదువులకు వెళ్ళేవారు కొందరు. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి, డ్రైవరు పనికి వెళ్ళేవారు ఎందరో. ఇద్దరికీ దారి చెప్పేది కన్సల్టెన్సీయో ఏజెంటో. సంతకం పెట్టకముందే ఆ కాగితం చదివి చెప్పే మనిషి మాత్రం దొరకడు.

దాని ఫలితం ఏమిటి? 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీని అక్కడి అధికారులు మూయించారు. మన తెలుగు విద్యార్థులు ఎందరో వీసా పోగొట్టుకున్నారు. కొందరి కాళ్ళకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. దాన్ని పెట్టింది అమెరికా అధికారులే. పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలోనూ తెలుగువారు చాలామంది.

గల్ఫ్‌కు వెళ్ళే తల్లుల సంగతి ఇంకా కష్టం. చట్టం లేక కాదు, చెప్పేవారు లేక. 1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషులను విదేశీ పనికి పంపడం నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నవాడు కూడా 30 వేల రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోరాదు. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టు చట్టం చెబుతోంది. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని, వారానికి ఒకరోజు సెలవివ్వాలని కువైట్ కూడా 2015లో చట్టం చేసింది. పదో తరగతి పాసు కాని ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆ అనుమతిని తప్పించడానికే ఏజెంట్లు విజిటింగ్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తారు. అక్కడ దిగాక ఆమె ఏ లెక్కలోనూ ఉండదు.

ఈ నాలుగు ముక్కలు ఆ తల్లికి తెలుగులో చెప్పగలిగినవాడే మాకు కావలసిన ప్లీడరు.

"మాకు ఇంగ్లీషు రాదు, డబ్బు లేదు, జూనియరుగా నాలుగేళ్ళు ఊరికే తిరిగితే ఇల్లు ఎలా గడుస్తుంది?" అని తమ్ముళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటర్ తర్వాత ఐదేళ్ళు, డిగ్రీ తర్వాత మూడేళ్ళు లా చదవవచ్చు. రెండింటికీ లాసెట్ ఉంది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు ఒకప్పుడు వేలకు వేలు అడిగేవారు. ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పై చదువుకు విదేశం వెళ్ళాలంటే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా ఇచ్చే 125లో 115 ఎస్సీలకే. 1913లో అంబేడ్కర్ గారు న్యూయార్క్ వెళ్ళింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే కదా!

అమెరికాలో వలస చట్టం దేశమంతటికీ ఒక్కటే. ఏ ఒక్క రాష్ట్రంలో ప్లీడరుగా నమోదైనా దేశమంతటా ఈ కేసులు చూడవచ్చు. కాలిఫోర్నియా అయితే ఇక్కడి అడ్వకేట్లను తన బార్ పరీక్షకు కూర్చోనిస్తుంది. కానీ మొదలు అక్కడ కాదు, ఇక్కడే. పని ఒప్పందం చదివి చెప్పడం, ఏజెంటు మీద ఫిర్యాదు రాయడం, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో అర్జీ పెట్టడం, పరాయి దేశంలో చనిపోయినవారి శవాన్ని ఇంటికి రప్పించే కాగితాలు చూడడం. వీటికి విమానం ఎక్కనక్కరలేదు. తెనాలి కోర్టు దగ్గర ఒక బల్ల, కుర్చీ చాలు. మొదటి ఏళ్ళలో రాబడి తక్కువే, దాన్ని దాచి చెప్పడం మాకు ఇష్టం లేదు. సాయంత్రం ట్యూషన్లు చెప్పుకునైనా ఆ ఏళ్ళు దాటాలి.

ఒక హెచ్చరిక. సగం నేర్చుకుని బోర్డు కట్టకూడదు. ఇంగ్లండులో అనుమతి లేకుండా వలస సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం. మన దగ్గర అంత కట్టుదిట్టం లేదు కాబట్టే కన్సల్టెన్సీలు ఇన్ని పుట్టుకొచ్చాయి. చదవకుండా సలహా అమ్మితే మనమూ ఆ ఏజెంట్లలో ఒకరం అవుతాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సెలవులకు కొల్లూరు నుంచి ఇంటికి వెళ్ళినప్పుడు మీ వాడలో విదేశం వెళ్ళబోయేవారు ఎవరైనా ఉంటే వీసా కాగితం అడిగి చూడండి. అది పని వీసానా, విజిటింగ్ వీసానా చదివి చెప్పండి. అంతవరకు పదో తరగతి చదువు చాలు. ఆ తర్వాత వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలంటేనే లా చదవాలి.