సెల్‌ఫోనులో సాంఖ్యక శాస్త్రం

సాంఖ్యక శాస్త్రం నేర్చుకోవడానికి ఈ రోజుల్లో తరగతి గది అక్కరలేదని మన పెద్దలు తేల్చేశారు. సెల్‌ఫోను చాలట. ఈ ఏడాది మా బి.యస్సీ. రెండవ సంవత్సరం వాళ్ళలో చాలామందిమి ఆ ప్రాథమిక కోర్సును 'స్వయం' ద్వారా ఆన్‌లైన్‌లోనే చదివాం. చదివాం, పరీక్ష రాశాం, ప్యాసయ్యాం. కనుక ఇది ఫెయిలైనవాడి ఏడుపు కాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. "ప్యాసయ్యావు కదా, ఇంకేం కావాలి నీకు?" అని అడిగే మిత్రుల కోసమే ఈ నాలుగు మాటలు.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఐ.ఐ.టి.ల వారి వీడియో పాఠాలు 2003 నుంచే ఉన్నాయి. కేంద్రప్రభుత్వం వారి 'స్వయం' 2017 జూలైలో మొదలయింది. 2021లో యు.జి.సి. వారు ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా ఇట్లా చదువుకోవచ్చునని నిబంధన సడలించారు. వీడియో, చదువుకునే పాఠం, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాల చర్చ – ఈ నాలుగూ కలిస్తే కోర్సు. చివరి పరీక్షకు మాత్రం కేంద్రానికి పోయి కూర్చోవాలి. ఏ సబ్జెక్టుకు లెక్చరర్ల కొరత ఉంటే ఆ సబ్జెక్టును మెల్లగా ఇందులోకి నెట్టేయడం కాలేజీలకు అలవాటవుతున్నది. మన దగ్గర ఆ వంతు సాంఖ్యక శాస్త్రానికి వచ్చింది.

మంచిని మంచి అనకపోతే పాపం. మాది గడ్డపోతారం. ఫ్యాక్టరీల నడుమ మిగిలిన రెండెకరాల్లో ఇంకా వరి వేసే కుటుంబం మాది. పొద్దున నీళ్ళు కట్టే పని నాదే. బోరు వేసి, ఒక మడి నిండి పక్క మడికి మళ్ళేలోగా ఒక వీడియో అయిపోతుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. క్లాసులో సారును "మళ్ళీ చెప్పండి" అని మూడోసారి అడిగే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది? సెల్‌ఫోను విసుక్కోదు, పక్కవాడు నవ్వడు. పాఠం చెప్పిన ప్రొఫెసరుగారు గూడా గొప్పగా చెప్పారు. ఇంగ్లీషులో చెప్పినా, తెలుగు మీడియంలో వచ్చిన నావంటి వాడికి మూడోసారికైనా అంది వచ్చింది. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, విచలనం, సంభావ్యత – ఈ లెక్కలు నాకిప్పుడు వస్తాయి.

వారం వారం వచ్చే క్విజ్ సంగతి ఎక్కువ చెప్పను. జవాబులు వాట్సాప్ గ్రూపులో గడువుకు ముందే తిరుగుతాయని లెక్చరర్లకూ తెలుసు. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబులున్న పది ప్రశ్నలకు కళ్ళు మూసుకొని నొక్కినా సగటున రెండున్నర మార్కులు వస్తాయని ఆ కోర్సే మాకు నేర్పింది. మావాళ్ళు ఆ సగటును ఏనాడో దాటిపోయారు!

నా పేచీ అది కాదు. ఎవరో ఎక్కడో ఏరి తెచ్చిన అంకెల మీద లెక్క చేయడం వచ్చింది గాని, ఆ అంకెను ఎట్లా తేవాలో, తెచ్చినవాణ్ణి ఏమని అడగాలో మాకు రాలేదు. కోర్సంతటా నాణేలు ఎగరేశాం, పాచికలు వేశాం, పేకముక్కలు పంచాం. తరువాత ఐరిస్ పూలు వచ్చాయి. మూడు జాతులు, 150 పూలు; ఫిషర్ మహాశయుడు 1936లో వాడిన కొలతలు. ఆ పూవు మొహం మాలో ఒక్కడు చూసింది లేదు. ఆ తరువాత 32 కార్ల మైలేజి, అదీ 1974 నాటి అమెరికా పత్రికలోది. లెక్క నేర్చుకోవడానికి ఏ అంకెలైతేనేమి అనవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అందరూ అంటారు. ఇంతకంటే పాత శాంపిల్ పాఠం మనకు లేదు. అయితే ఆ మాట చెల్లేది ఎప్పుడు? కుండలో నీళ్ళూ మంటా అంతటా ఒక్కటిగా తగిలినప్పుడు. ఊరు కుండ కాదు. చెరువూ కుండ కాదు. వడ్ల కుప్ప గూడా కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు వెనక్కి పెడతారు. మా నాయినకు బి.యస్సీ. లేదు గాని, ఒకనాడు నేను ఈ పాఠం వింటుంటే పక్కన కూర్చొని ఇట్లా అన్నాడు: "కుప్ప మీద ఎండినయుంటయి, అడుగున పచ్చియుంటయి. గొట్టం యాడ పొడిస్తే గదే తేమ. పొడిచేటోని చెయ్యి చూడాలె బిడ్డా, మీటరు కాదు." యాదృచ్ఛిక శాంపిల్ గురించి నేను విన్న వీడియోలో ఈ ముక్క లేదు.

మా ప్రాంతంలో ఇది వడ్లతో ఆగే ముచ్చట గూడా కాదు. గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు – ఈ పేర్లు దేశదేశాల శాస్త్ర పత్రికల్లోకి ఎక్కాయి. ఇక్కడి కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకు పోయి, హైకోర్టును చూసి, హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది. ఎవరి పొలం చెడింది, ఎంత చెడింది, పరిహారం ఎవరికి – ప్రతి ప్రశ్నా చివరకు ఒక అంకె దగ్గరికే వచ్చింది. 2004లో గ్రీన్‌పీస్ వారు మెదక్ జిల్లా ఆరోగ్య నివేదిక వేసినప్పుడు కాలుష్యం ఉన్న ఊళ్ళను లేని ఊళ్ళ పక్కన పెట్టి పోల్చవలసి వచ్చింది. ఎందుకంటే జబ్బులు అన్ని ఊళ్ళలోనూ ఉంటాయి. మా ఊళ్ళో ఎక్కువ అనాలంటే దేనికంటే ఎక్కువో చూపించాలి. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం ఇంకా ప్రసిద్ధం. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని వరుసగా రెండు రోజులు పట్టి చూస్తే, లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. మనం జ్వరానికి మింగే ఆ మందు, వాడే రోగి రక్తంలో ఉండే దానికంటే కాలువ నీటిలో ఎక్కువ! 2009లో మరో పరిశోధన ఈ పరిసరాల చెరువు నీటిలోనే లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా చూపించింది.

రెండు రోజుల శాంపిల్ చాలుతుందా? మా క్లాసులో దీని మీద మంచి తగువే నడిచింది. కాలువలో మందు ఉందా లేదా అనేదే ప్రశ్న అయితే రెండు రోజులు ధారాళంగా చాలు. అంత పెద్ద అంకె పొరపాటున రాదు. కాని ఏడాది పొడుగునా ఎంత పారింది అని అడిగితే చాలదు. శాంపిల్ ఎంత కావాలన్నది మనం అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. ఇంత చిన్న సంగతి నాకు నాణేల వల్ల తెలియలేదు, మా కాలువ వల్ల తెలిసింది. ఇంకొకటి. మా ఊళ్ళో ఎవరినడిగినా వాసన రాత్రిపూట, వాన పడే పూట ఎక్కువ అంటారు. మరి నీళ్ళు పట్టేవారు పట్టపగలు, ఎండ కాసే రోజు వచ్చి సీసాలు నింపుకుపోతే ఆ సగటు దేని సగటు? ఈ ప్రశ్న వెయ్యడానికి కాలిక్యులేటరు అక్కరలేదు. కాని వెయ్యాలని తోచడానికి చదువు కావాలి. ఎక్కడో స్వీడన్ నుంచి వచ్చి మా నీళ్ళు సీసాలకు పట్టుకొని పోయినవారున్నారు. వాటి పక్కన పుట్టిన మేము మాత్రం ఐరిస్ పూల రేకులు కొలుస్తున్నాం.

ఈ పంతంతోనే మేము అయిదుగురం కోర్సు మధ్యలో ఒక చిన్న పని పెట్టుకున్నాం. ఊళ్ళో తాగే నీళ్ళకు ఒక్కో ఇంటికి నెలకు ఎంత ఖర్చవుతుందో తెలుసుకోవాలి. చీటీలు వేసి ఇళ్ళు ఎంచుకుందామన్నాం. మొదటి చిక్కు: ఇల్లు అంటే ఏది? మా దగ్గర ఒక గేటు వెనక పది రూములు వరసగా ఉంటాయి. ఒక్కో రూములో బీహారు, ఒడిశా కూలీలు నలుగురైదుగురు, ఎవరి పొయ్యి వాళ్ళది. సర్కారు లెక్కలో అది ఒక్క ఇల్లు. మేము దాన్ని పదిగా రాసుకున్నాం. రెండవ చిక్కు: చీటీలో వచ్చిన రూములకు పోతే తాళాలు. పగలు పోతే పగలు షిఫ్టు వాళ్ళుండరు, రాత్రి పోతే రాత్రి షిఫ్టు వాళ్ళుండరు. తాళం వేసిన ఇంటిని వదిలి పక్కింట్లో అడిగితే సరిపోతుందని మాలో ఒకడన్నాడు. పక్కింట్లో ఎప్పుడూ తలుపు తీసి ఉండేది ఎవరు? ఊరివాళ్ళు, పెద్దవాళ్ళు, డబ్బా నీళ్ళు కొనుక్కోగలిగినవాళ్ళు. రూములవాళ్ళు అంతా కలిసి ఒక్క డబ్బా తెచ్చుకుంటారు, చేతిలో పైసలు లేని రోజు కుళాయి నీళ్ళే తాగుతారు. వాళ్ళను వదిలేస్తే ఊరంతా మినరల్ వాటర్ తాగుతున్నట్టే లెక్క తేలుతుంది! ఆదివారాలు పోయి, మళ్ళీ పోయి, వచ్చిన హిందీలో అడిగి పూర్తి చేశాం. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నది పన్నెండు వారాల వీడియోల్లో నాకు దొరకలేదు.

అసలు ఈ శాస్త్రం పుట్టింది గూడా పొలాల్లోనే. ఇంగ్లండులో రోథంస్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో ఏ ఎరువు మేలో తేల్చే పనిలోనే ఫిషర్ తన పద్ధతులు కనిపెట్టాడు. కలకత్తాలో 1931లో భారత సాంఖ్యక సంస్థను స్థాపించిన మహలనోబిస్ బెంగాలు జనుము పంట ఎంతో అంచనా కట్టడానికి మనుషులను పొలాల్లోకి పంపాడు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను వేరు వేరుగా పంపి, ఇద్దరి అంకెలు ఎంత తేడా వచ్చాయో చూసేవాడు. ఎంత తెలివి! రైతుబిడ్డనైన నాకు ఈ మాట తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన తెలుగువాడు సి.ఆర్. రావుగారి సంగతి చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ కలకత్తా సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన పేరు నిలబెట్టిన వ్యాసం రాశారు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి పొంది, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆయన గూడా కాగితాల మీదే పెరగలేదు. కేంబ్రిడ్జిలో ఉన్న రోజుల్లో మ్యూజియంలో కూర్చొని సూడాన్‌లో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలతో కుస్తీ పట్టారు.

అంత దూరం పోనక్కరలేదు. 1972 నుంచి ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది. ఒక్కో విత్తనాన్ని ఏ మడిలో వెయ్యాలో లాటరీ పద్ధతిన తేల్చి, అదే ప్రయోగాన్ని పక్క మడుల్లో మళ్ళీ మళ్ళీ చేసి చూసే పని అక్కడ ఎప్పుడూ నడుస్తుంటుంది. 1975లో ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరులతో పాటు మహారాష్ట్రలోని నాలుగు ఊళ్ళను ఎంచుకొని, ఊరికి 40 కుటుంబాల చొప్పున ఏళ్ళ తరబడి వాళ్ళ పంటలూ అప్పులూ కూలీ రాసింది. కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్య రైతులు పది, పెద్ద రైతులు పది. వర్గాలుగా విడదీసి శాంపిల్ తీయడం అనే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ వీడియోలో ఉంది? మా కోర్సులో ఆ పాఠానికి ఇచ్చిన ఉదాహరణ మాత్రం ఎర్ర బంతులు, నల్ల బంతులు.

దూరాన కూర్చొని చదవడం మనకు కొత్త గాదని కొందరంటారు. నిజమే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. రేడియో పాఠాలు విని, పోస్టులో వచ్చిన తెలుగు పుస్తకాలు చదివి, ఉద్యోగాలు చేసుకుంటూ డిగ్రీలు తెచ్చుకున్నవారు మన లెక్చరర్ల ఇళ్ళలో గూడా ఉంటారు. కాని ఆ పద్ధతిలో స్టడీ సెంటరు అని ఒకటుండేది, ఇప్పటికీ ఉంది. అక్కడికి పోతే ఒక మనిషి కనిపిస్తాడు, పుస్తకం తెరిచి "ఇది ఎట్లా వచ్చింది సార్?" అని అడగవచ్చు. మా ఆన్‌లైన్ కోర్సులో ఆ మనిషినే తీసేశారు. సందేహాల పేజీలో నేను అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసరికి ఆ వారం క్విజ్ గడువు దాటింది. పుస్తకం గూడా తెలుగులో లేదు. తెలుగు అకాడమీ 1968లో పుట్టింది తెలుగులో కాలేజీ చదువులు చదువుకోవడానికే కదా. అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకొని వీడియో విన్నవాళ్ళే మాలో సుఖపడ్డారు.

అందుకని ఈ కోర్సును ఎత్తివెయ్యమని నేను అనడం లేదు. ఎత్తివేస్తే నష్టపోయేది ముందు నావంటి వాడే. వీడియోలు ఇంట్లో చూస్తాం. వారానికి ఒక్క గంట, కేవలం ఒక్క గంట, ఒక లెక్చరరు బోర్డు దగ్గర నిలబడాలి. గణితం సారయినా సరే, ఎకనామిక్స్ మేడమయినా సరే. క్విజ్‌లకు ఇచ్చే విలువలో సగం తగ్గించి, సెమిస్టరుకు ఒక సర్వే మా చేత చేయించాలి. కెమిస్ట్రీ ల్యాబులో పి.హెచ్. కాగితాలకు కరువు లేదు. చీటీలు వేసి బావులు ఎంచుకొని, మహలనోబిస్‌గారు చేసినట్టు రెండు జట్లుగా పోయి కొలుస్తాం. రెండు జట్ల అంకెలు కలవకపోతే ఎందుకు కలవలేదో రాస్తాం. ఏ ఫ్యాక్టరీ మీదా నేరం మోపడానికి కాదు, అంత శక్తి పి.హెచ్. కాగితానికి లేదు, ఒక అంకె పుట్టడానికి ఎంత కష్టమో చేతులతో తెలుసుకోవడానికి.

లెక్చరర్లకు పనిభారం పెరుగుతుందని ఒక ఆక్షేపణ ఉన్నది. ఖాళీలు నింపకుండా ఉన్నవారి నెత్తిన వెయ్యడం అన్యాయమే, కాదనను. ఆ ఖాళీలు నింపమని అడిగేటప్పుడు విద్యార్థి సంఘం లెక్చరర్ల పక్కనే నిలబడాలని నా మనవి. ఊళ్ళమీద పడితే పిల్లలకు ఏమైనా అయితే ఎవరు బాధ్యులని ఇంకొకరన్నారు. మేము పుట్టి పెరిగిన ఊళ్ళే అవి! మూడో ఆక్షేపణ బస్సు ఛార్జీలది. అది మాత్రం నిజమైన ఇబ్బందే, ఎందుకంటే మా ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్టు లేదు గాని మగపిల్లలకుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లల చొప్పున జట్లు కడితే ఖర్చు సగానికి దిగుతుందని లెక్క వేసి, అర్జీ వెనక కాగితం మీద రాసి పెట్టాం. అర్జీ లైబ్రరీ ముందర బల్ల మీద ఉంది. సంతకం పెట్టే మిత్రులు తమ ఊరి పేరు గూడా రాస్తే, మొదటి సర్వేకు ఊళ్ళ జాబితా అక్కడే తయారవుతుంది.