పాస్ శాతం పక్కన కోత రోజుల లెక్క కూడా రాయాలి

తల్లాడ మండలంలోని తల్లిదండ్రులకు, మిరప రైతులకు, కూలీ మేస్త్రులకు, ఉపాధ్యాయులకు విన్నపం.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున తల్లాడ సెంటర్లో నిలబడి చూడండి. వైరా రోడ్డు, సత్తుపల్లి రోడ్డు, కొత్తగూడెం రోడ్డు కలిసే ఆ చోట మిరప కూలీల ట్రాలీ ఆటోలు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మల మధ్య కొన్ని ముఖాలు మరీ లేతగా కనిపిస్తాయి. వాళ్లలో పదో తరగతి పిల్లలున్నారు. నెల తిరిగితే వాళ్లకు పబ్లిక్ పరీక్ష.

మన వైపు పండే తేజ మిరప సన్నకాయ. ఒక్కో కాయా చేత్తోనే కోయాలి. పండిన కాయ చెట్టు మీద ఆగదు, అప్పు తెచ్చిన రైతూ ఆగలేడు. జనవరి నుంచి మార్చి దాకా ఊళ్లో ఎన్ని చేతులున్నా చాలవు. అంతకుముందు పత్తితీత ఉండనే ఉంది. అంటే బడిలో సిలబస్ ముగించి రివిజన్ మొదలుపెట్టే నెలలే చేలల్లో కోతల నెలలు. కోతకు పోని పిల్లకు ఇంట్లో పని ఉంటుంది. తల్లి చీకటితో వెళ్లిపోతే పొయ్యి వెలిగించేదీ, తమ్ముణ్ణి చూసుకునేదీ ఆ పిల్లే.

నేను సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఒక ఏడాది మా తరగతిలో లెక్కలు చకచకా చేసే ఒక అమ్మాయి సంక్రాంతి తర్వాత కనబడలేదు. రోజూ రిజిస్టర్‌లో గైర్హాజరు వేశాను గానీ, ఎందుకు రావడం లేదని వాళ్లింటికి వెళ్లి అడగలేదు. పరీక్షకు వచ్చింది, లెక్కల్లోనే తప్పింది. ఆ తప్పు సగం నాది. ఈ కాగితం రాయడానికి అదీ ఒక కారణం.

ఏటా ఫలితాలు రాగానే బడులన్నిటికీ ఒకే కొలత పెడుతున్నాం. రాష్ట్రమంతటా పది ఉత్తీర్ణత 2023లో 86.60 శాతం, 2024లో 91.31, 2025లో 92.78. సంతోషమే. కానీ ఏ బడిలో ఎవరి పిల్లలు కూర్చున్నారో ఆ అంకె చెప్పదు. నాలుగు డబ్బులున్న ఇంటి పిల్లలు వ్యాను ఎక్కి ప్రైవేటుకు పోతారు. అయిదో తరగతి ప్రవేశ పరీక్షలో నెగ్గినవాళ్లు గురుకులాలకు పోతారు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాలు ఎందరో పేదబిడ్డల్ని నిలబెట్టాయి, వాటి మీద నాకెంతో గౌరవం ఉంది. అయితే గురుకులం పిల్లవాడు రాత్రీ పగలూ బడిలోనే ఉంటాడు, కోతల కాలం వాణ్ణి తాకదు. జిల్లా పరిషత్ హైస్కూలుకు మిగిలేది కూలీల పిల్లలు, తండాల పిల్లలు, ఇంట్లో మొదటగా పలక పట్టినవాళ్లు. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, 2022-23లో ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ మీడియం రావడంతో మరో భాషలోకి మారిన పిల్లలు 2025లో పది రాశారు. వాళ్ల మార్కులను గురుకులం మార్కుల పక్కన పెట్టి ‘సర్కారు బడి ఇంతే’ అనడం అన్యాయం.

1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ సుమారు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు తీసి చూశాడు. చదువులో తేడాలకు బడి హంగుల కన్నా ఇంటి స్థితిగతులే ఎక్కువ కారణమని తేల్చాడు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో హాస్టల్ లేని సర్కారు బడిలో చదివినవాళ్లకు జీపీఏ మీద 0.4 కలిపే పద్ధతి పెట్టారు. అంటే ఈ తేడా ప్రభుత్వానికి తెలుసు. తెలిసి ప్రవేశాల దగ్గర కలపడం మంచిదే, కానీ ఆ పిల్లవాడు బడికి దూరమవుతున్న ఫిబ్రవరిలోనే పట్టించుకోవాలి కదా.

చట్టం కూడా సరిగ్గా ఇక్కడే చేయి వదిలేస్తోంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వరకే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగు దాటినవాళ్లకు ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఈ రెండు చట్టాల సందులో జారిపోతున్నారు. వాళ్లను పట్టుకోవాల్సింది ఊరే.

ఊరు పూనుకుంటే అవుతుంది. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో ఉంచి చదివించి బడిలో చేర్పించింది. పేదవాళ్లకు చదువు మీద ఆశ లేదన్న మాట ఎంత అబద్ధమో అక్కడ తేలిపోయింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

మనం అడిగేది ఇది. సంక్రాంతి లోపల హైస్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టాలి. గత ఏడాది పాస్ శాతం ఒక్కటే చదవొద్దు. నవంబరు నుంచి మార్చి దాకా నెలకు ఎందరు, ఎన్ని రోజులు రాలేదో చదవాలి. తండాల నుంచి వచ్చేవాళ్లెందరో, ఇంట్లో మొదటి తరం చదువెందరికో చెప్పాలి. పిల్లల పేర్లు వద్దు, కులం పేరుతో వేలెత్తి చూపడం అసలే వద్దు. ముఖ హాజరు యాప్ వచ్చాక హాజరు వివరాలు ఫోన్‌లోనే ఉంటున్నాయి, కొత్తగా ఎవరినీ శ్రమపెట్టనక్కర్లేదు. ఈ లెక్క ఉపాధ్యాయులకు సాకు కాకూడదు. సాయం ఎక్కడ కావాలో తెలియడానికే ఇది.

ఆ లెక్క పట్టుకుని కలెక్టరు గారి దగ్గరికి వెళ్దాం. సమగ్ర శిక్ష కింద వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు నడిపే వీలుంది. మన పిల్లలు వలస పోరు, ఊళ్లోనే ఉండి బడికి దూరమవుతారు. వాళ్లకూ, తొమ్మిది పది తరగతులకూ అది వర్తింపజేయాలి. జనవరి నుంచి పరీక్షలయ్యే దాకా రెండు పూటలా అన్నం, పడుకోవడానికి చోటు, ఆడపిల్లలకు మహిళా వార్డెన్ కావాలి. హాస్టల్లో ఉండని పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసులయ్యాక అన్నారుగూడెం, కుర్నవల్లి, మిట్టపల్లి దారుల్లో ఇళ్లకు చేరే బండి కావాలి. ఆడపిల్లకు బస్సులో టికెట్ ఖర్చు లేదు, నిజమే. ఆ వేళకు బస్సు కూడా ఉండాలి.

రైతన్నలారా, మీ కష్టం తెలుసు. అయినా పదో తరగతి పిల్లలను మాత్రం కోతకు పిలవొద్దు. మేస్త్రులు వాళ్లను ఆటో ఎక్కించుకోవద్దు. ఆ ఇంటికి కొంత కూలి తగ్గుతుంది. హాస్టల్ అన్నం అందులో కొంతే పూడుస్తుంది. మిగతా లోటుకు ఏం చేయాలో సమావేశంలో కూలీల ముందే, వాళ్ల మాట విని, తేల్చుకుందాం.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాను. మీ బిడ్డ ఈ ఏడు కోతకో, పత్తికో, ఇంటి పనికో బడి మానిన రోజులు అక్కడ రాయండి. పేరు అక్కర్లేదు. మీకు రాయడం రాకపోతే బిడ్డ చేత రాయించి హెడ్మాస్టరు గారి గదిలో ఇవ్వండి.