యుద్ధ ఇంజనీర్ల మాట రాసిపెట్టాలి
వయసు మళ్లాక చెప్పే యుద్ధ జ్ఞాపకాలు చరిత్రకు పనికిరావని, ప్రభుత్వ ఫైళ్లే సాక్ష్యమని వాదించేవారు టామీ ఫ్లవర్స్ సంగతి చూడాలి. జర్మన్ సైనిక సంకేతాల ఛేదనకు 1943లో కొలోసస్ యంత్రాన్ని నిర్మించిన ఈ బ్రిటిష్ టెలిఫోన్ ఇంజనీర్, యుద్ధం ముగిశాక పైవారి ఆదేశంతో దాని నమూనా చిత్రాలను బాయిలర్ మంటల్లో కాల్చేశారు. 1970ల దాకా ఆ పనేమిటో ఇంట్లోవాళ్లకీ చెప్పలేకపోయారు. అంత మౌనం ఏ సంసారానికైనా బరువే. 1993లో బ్రిటిష్ ఇంజనీర్ టోనీ సేల్ ఆ యంత్రాన్ని తిరిగి కట్టడానికి పూనుకున్నప్పుడు దొరికినవి కొన్ని ఫొటోలు, ముక్కలుగా మిగిలిన సర్క్యూట్ చిత్రాలు, ఆనాటి ఇంజనీర్ల జ్ఞాపకాలు. జ్ఞాపకం పొరబడదా? పొరబడుతుంది, అందుకే నలుగురినీ అడిగి పోల్చుకోవాలి. 1996లో యంత్రం మళ్లీ నడిచింది. 1998లో ఫ్లవర్స్ కన్నుమూశారు. అలాంటి జ్ఞాపకాలున్న పెద్దలు, భారత సైన్యపు ఇంజనీర్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసినవారు, మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల సరిహద్దు రోజులు, ఉద్యోగం, సంసారం అన్నీ ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.