డాక్టరుకు చెప్పని సీసాలు

కెనడాలోని విన్నిపెగ్‌లో కొడుకు దగ్గరుంటున్న మా పెద్దమ్మ శుక్రవారం రాత్రి మెథోట్రెక్సేట్ వేసుకునేది. ఆదివారానికల్లా నోరు పూసేది. కారం తగలనిచ్చేది కాదు, ఆవకాయ మాట ఎత్తితేనే చిరాకు. ‘ఇంగ్లీషు మందు కదా, వేడి చేసింది’ అని తేల్చేసి మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకుంది, చివరికి ఊరి నుంచి తెచ్చుకున్న బి-కాంప్లెక్స్ గోళీలు మొదలెట్టింది. కొంత నెమ్మదించింది కూడా. నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ ఆ ఇంటి వైద్యం గురి మరీ తప్పలేదు.

కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, ప్రపంచమంతటా డాక్టర్లు ముందుగా రాసే మందు మెథోట్రెక్సేట్. అది శరీరంలో ఫోలేట్ పనికి అడ్డం పడుతుంది. నోటి పొర, పేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ అనుక్షణం కొత్త కణాలను పుట్టించుకుంటూ ఉంటాయి కాబట్టి మొదటి దెబ్బ వాటికే. కొరవడేది ఫోలేట్, అది బి విటమిన్ల కుటుంబంలోదే. కాబట్టి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ జతచేస్తారు, సాధారణంగా వారానికి కనీసం 5 మిల్లీగ్రాములు. 2013లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 6 పరీక్షలను, వాటిలోని 624 మంది రోగులను లెక్కలోకి తీసుకుంది. ఫోలిక్ లేదా ఫోలినిక్ యాసిడ్ తీసుకున్నవారిలో వికారం, కడుపు బాధలు నాలుగో వంతు తగ్గాయి. లివర్ ఎంజైములు పెరగడం మూడొంతులకు పైగా తగ్గింది. భరించలేక మందు మానేసేవారు 60 శాతం తగ్గారు. కీళ్లకు జరిగే మేలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

విరుగుడు వేస్తే మందు పని చెడదా? చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ వాపును అణచడానికి ముఖ్య కారణం ఫోలేట్‌ను అడ్డుకోవడం కాదనీ, అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచడమనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మేలు ఒక దారిన, కీడు మరో దారిన వస్తున్నాయి కాబట్టే రెండో దారి మూయగలుగుతున్నాం.

ఈ మందుకూ ఈ విరుగుడుకూ పుట్టిల్లు ఒకటే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. దాన్ని అడ్డుకునే రసాయనాల కోసం వెతుకుతూ అమినాప్టెరిన్‌ను, ఆ వెంటనే మెథోట్రెక్సేట్‌ను తెచ్చింది కూడా ఆ బృందమే. మొదట క్యాన్సరుకు వాడిన ఈ మందును అమెరికా 1988లో కీళ్లవాతానికి అనుమతించింది. అప్పటికి సుబ్బారావు పోయి 40 ఏళ్లు. అమెరికా వెళ్లకముందు ఆయన మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారన్నది మనవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి. ఆకుల్లో, కాలేయంలో ఉన్న గుణాన్ని ఆయన కాదనలేదు. దాన్ని వేరుచేసి, తూచి, పరీక్షకు నిలబెట్టారు. సహజమా, రసాయనమా అన్న తగవు నాకు అర్థం లేనిదిగా కనిపించేది అందుకే.

సప్లిమెంట్లన్నీ మంచివా, చెడ్డవా అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. ఏ మందు చేసే ఏ కీడుకు ఏది అని అడగాలి. ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. అక్కడ కాల్షియం, విటమిన్ డి అవసరమే. అందులోనూ విన్నిపెగ్ 50వ అక్షాంశాన్ని ఆనుకొని ఉన్న ఊరు. అక్కడి చలికాలపు ఎండ వెలుతురు ఇస్తుంది గానీ చర్మంలో విటమిన్ డి పుట్టించదు. పైగా మన చామనఛాయకు మరింత ఎండ కావాలి. కెనడాలో పాలల్లో విటమిన్ డి కలిపి అమ్ముతారు సరే, పెద్దమ్మ తాగేది రోజుకు రెండు కప్పుల టీ. ఆ టీలో పాలెన్ని?

ఇక మిగతా సీసాలు. కూరలో చిటికెడు పసుపుతో ఎవరికీ పేచీ లేదు. సారం తీసి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల్లోని పైపరిన్ కలిపిన క్యాప్సూల్ సంగతి వేరు. పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను 2022లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడి కాలేయ వ్యాధితో వచ్చినవారి గురించి 2021లో ముంబయి వైద్యులు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఖండించింది. ఆ వివాదం అలా ఉంచినా, సొంత రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బులో ‘ఇమ్యూనిటీ పెంచే’ మందెందుకు? అసలే మెథోట్రెక్సేట్ వాడేవారి లివర్‌ను రక్తపరీక్షలతో కనిపెట్టి ఉంటారు. ఎంజైములు పెరిగితే డాక్టరు ముందుగా అనుమానించేది తను రాసిన మందునే. మోతాదు తగ్గిస్తారు, ఆపేస్తారు, కీళ్లు మళ్లీ వాస్తాయి. అసలు దొంగ వంటింటి అలమారులో కూర్చునే ఉంటుంది.

కెనడాలో 2004 నుంచి సహజ ఆరోగ్య ఉత్పత్తులకు ప్రత్యేక నిబంధనలున్నాయి. అనుమతి పొందిన సీసా మీద 8 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరును మనవాళ్లు అభయహస్తంలా చూస్తారు. మీ మిగతా మందులతో ఇది పొసగుతుందని ఆ నంబరు హామీ ఇవ్వదు. సూట్‌కేసులో వచ్చిన చూర్ణానికైతే ఆ నంబరూ ఉండదు.

విన్నిపెగ్ ఉన్న మానిటోబాలో 1994 నుంచి డీపిన్ అనే కంప్యూటరు వ్యవస్థ ఉంది. రాష్ట్రంలో ఏ మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ మందు కొన్నా అందులోకి ఎక్కుతుంది. రెండు మందులు పడకపోతే ఫార్మసిస్టు పట్టుకోగలరు. చక్కటి ఏర్పాటు. కానీ పెద్దమ్మ మెథోట్రెక్సేట్ ఎరిగిన ఆ కంప్యూటరు ఆమె తిప్పతీగ చూర్ణాన్ని ఎరగదు. జ్వరానికి పనికొస్తుందని ఊరి నుంచి తెచ్చుకున్న సెప్ట్రాన్ అనే యాంటీబయోటిక్ బిళ్ళలనూ ఎరగదు. అవి సప్లిమెంట్లు కావు గానీ, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే మూలుగను ప్రాణం మీదికొచ్చేంత దెబ్బతీయగలవు.

కొత్త చట్టాల కంటే ముందు ప్రశ్న మారాలంటాను. ‘సప్లిమెంట్లు వాడుతున్నారా?’ అని క్లినిక్‌లో అడిగితే పెద్దమ్మ ‘లేదు’ అంది. అబద్ధమాడలేదు; ఆమె లెక్కలో చూర్ణం సప్లిమెంటు కాదు. ‘ఊరి నుంచి ఏమేం తెచ్చుకున్నారు?’ అని ఉంటే పెట్టె మొత్తం విప్పేది. ఈ మెలకువ మనకోసమే కాదు. మానిటోబాలో కీళ్లవాతం ఆదివాసుల్లో మిగతావారికంటే ఎక్కువ. వారికీ తమ సంప్రదాయ వైద్యం ఉంది, వెక్కిరిస్తారన్న అనుమానమూ ఉంటుంది. రెండో పని ఇంకా తేలిక. మెథోట్రెక్సేట్ రాసిన కాగితం మీదే ఫోలిక్ యాసిడ్ కూడా రాసి, ఏ రోజు వేసుకోవాలో చెప్పడం. అడిగితే రాద్దాం అనుకుంటే, అడగని పెద్దమ్మలకు నోరు పూస్తూనే ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నా నోరు పూసి జ్వరం వచ్చినా, పొడి దగ్గుతో ఆయాసం వచ్చినా గోళీలు పెంచుకోకూడదు, ఆ రోజే డాక్టరును పిలవాలి.

తర్వాతిసారి మా అన్నయ్య సీసాలన్నీ గుడ్డసంచిలో వేసి తీసుకెళ్లాడు. నర్సు వాటిని బల్ల మీద రెండు వరుసలుగా పేర్చింది. కాల్షియం ఒక వైపు, పసుపు, తిప్పతీగ, సెప్ట్రాన్ మరో వైపు. బి-కాంప్లెక్స్ పోయి ఫోలిక్ యాసిడ్ వచ్చింది. అయితే అదీ చిన్న పసుపుపచ్చ బిళ్ళే, మెథోట్రెక్సేటూ చిన్న పసుపుపచ్చ బిళ్ళే. వారానికోసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇంటికొచ్చాక పెద్దమ్మ శుక్రవారం సీసా మెడకు ఎర్రదారం కట్టి, పై అరలో పెట్టింది.