గులాబీ రంగు సబ్‌మెరీన్

టికెట్ రైజ్ చేస్తే 'వివరాలు చాలవు' అని క్లోజ్ చేసేస్తే ఎలా ఉంటుందో ఆఫీసుకెళ్లే వాళ్లందరికీ తెలుసు. అలాంటి రోజు 'ఆపరేషన్ పెట్టీకోట్' (1959) చూడండి.

ఎరుపు, తెలుపు రంగులు విడివిడిగా చాలక కలిపేస్తారు. సబ్‌మెరీన్ కాస్తా గులాబీ రంగులోకి మారిపోతుంది. పైగా లోపల ఐదుగురు నర్సులు! కెప్టెన్ క్యారీ గ్రాంట్ మొహం చూస్తే నవ్వాగదు.

టాయిలెట్ పేపర్ కోసం ఆయన రాసే ఉత్తరం మాత్రం వట్టి కల్పన కాదు. స్కిప్‌జాక్ అనే సబ్‌మెరీన్‌కి 150 రోల్స్ అడిగితే, 'అదేంటో తెలియలేదు' అని ఆర్డర్ కొట్టేశారు. 1942లో దాని కెప్టెన్ జేమ్స్ కో శాంపిల్ జతచేసి మరీ జవాబు రాశాడు. మరుసటి ఏడాదే సిస్కో సబ్‌మెరీన్‌తో పాటు సముద్రంలో కలిసిపోయాడు.

ఆయన ఉత్తరం మాత్రం ఇప్పటికీ నవ్విస్తోంది.