పాకలకి పక్కా సమాధి

వీకెండులో టీమంతా కలిసి వెళ్ళే రిసార్టుల్లో ఓ మూల తాటాకు పాక ఒకటి తప్పకుండా ఉంటుంది. 'ఎథ్నిక్!' అంటూ ఫోటోలు దిగుతాం. దగ్గరికెళ్ళి చూస్తే చాలాచోట్ల ఆ ఆకు ప్లాస్టిక్కు, దాని కింద ఇనప రేకు. అదే జనం సంక్రాంతికి కృష్ణా జిల్లాలో సొంతూరెళ్ళి, ఊరి చివర కల్లుపాక కనిపిస్తే ముక్కు మూసుకుంటారు. నా గొడవంతా దీని గురించే.

కల్లు సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ పాకని ఒక కట్టడంగా చూడండి. తాటి స్తంభాలు, తాటి వాసాలు, తాటాకు కప్పు. లోపల అమ్మే సరుకు కూడా ఆ చెట్టుదే! కప్పు అంత ఏటవాలుగా ఎందుకుంటుంది? నీళ్ళు నిలిస్తే ఆకు కుళ్ళిపోతుంది కాబట్టి. ఆకుల్ని చూరు దగ్గర మొదలుపెట్టి, వరస మీద వరస పైకి కప్పుకుంటూ పోతారు. పూరింటికైతే చూరు నడుం వంచి దూరాల్సినంత కిందికి దింపుతారు, మట్టిగోడకి ఎండా వానా తగలకుండా. ఆకుల పొరల మధ్య చిక్కుకున్న గాలే ఇన్సులేషను. బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ బెజవాడ ఎండల్లో కరెంటు లేకుండా బతికిన డిజైను అది.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు ఇంకో మెట్టు పైన. గోడ గుండ్రం, కప్పు శంఖువులా ఉంటుంది. గాలి వచ్చి గుద్దుకోడానికి చదునైన ముఖమే ఉండదు. జాగ్రత్తగా నిలబెట్టిన చుట్టిల్లు చూడాలంటే చెన్నై దగ్గర 1996లో మొదలైన దక్షిణచిత్రకి వెళ్ళాలి. విశాఖ జిల్లా ఇల్లు చూడ్డానికి పక్క రాష్ట్రంలో టిక్కెట్టు కొనుక్కోవాలన్నమాట!

"ఏసీలో కూర్చుని పూరిళ్ళ మీద కవిత్వమా?" అంటారని తెలుసు. సరే, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. మట్టిగోడ నీళ్ళకి కరిగిపోతుంది, నిజమే. ఎండాకాలంలో ఒక నిప్పురవ్వ చాలు, వాడంతా బూడిద. రెండు మూడేళ్ళకోసారి ఆకు మార్చాలి, అది ఖర్చు. పేదవాడు పూరింట్లోనే ఉండాలని నేను అనటం లేదు. కానీ బగ్గులున్నాయని మనం సోర్సు కోడే చెరిపేస్తామా? ఉప్పెనకి తుఫాను షెల్టర్లు, ఎత్తైన పునాదులు కావాలి. మంటలకి జపాను వాళ్ళు దారి చూపించారు. 1995లో యునెస్కో జాబితాకెక్కిన షిరకావా-గోలో గడ్డికప్పు ఇళ్ళ మధ్య నీళ్ళ ఫిరంగులు పెట్టుకున్నారు. కప్పు మార్చాలంటే ఊరంతా కలిసి చేస్తారు. ఇంగ్లండులో గడ్డికప్పు పబ్బు ఊరికి పరువు. మన దగ్గర కల్లుపాక ఊరికి మచ్చ.

ఎందుకంటే మన సర్కారీ ఇళ్ళ పథకాల నిఘంటువులో ఇళ్ళు రెండే రకాలు: కచ్చా, పక్కా. 2006 నాటి ఇందిరమ్మ అయినా, 2016 నాటి పీఎంఏవై-గ్రామీణ్ అయినా డబ్బులిచ్చేది పక్కాకే. ఆ డబ్బు అందనివాడు తాటాకు పీకేసి సిమెంటు రేకు వేస్తాడు. మే నెలలో ఆ రేకు కింద మధ్యాహ్నం ఒక్క గంట కూర్చుని చూడండి, అభివృద్ధి ఎంత వేడిగా ఉంటుందో తెలుస్తుంది. ఆ వేడికి తట్టుకోలేక మళ్ళీ ఆ రేకు మీదే తాటాకు పరిచేవాళ్ళున్నారు. ఇంజనీర్లకి తట్టనిది వాళ్ళకి తట్టింది.

ఎత్తైన అరుగు, ఇటుక గోడ, పైన తాటాకు. ఇలాంటి ఇంటికీ పథకంలో చోటివ్వండి, కావాలో వద్దో ఆ ఇంటివాళ్ళు తేల్చుకుంటారు. సివిల్ చదివే పిల్లలకి నిట్రాడంటే ఏంటో ఒక్క పాఠమైనా చెప్పండి. పాక వేసే పనివాళ్ళ తర్వాత ఆ పనికి డాక్యుమెంటేషను లేదు, బ్యాకప్పూ లేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఇంకొన్నాళ్ళు పోతే లెక్కపెడదామన్నా వాసాలుండవు.